హ్యాస్కిన్స్ ఓడ కూత వెయ్యని రోజు

ఆ బుధవారం పొద్దున్న లోర్నా పెల్కీ వేసుకున్న పథకంలో గొప్ప ఆశలేమీ లేవు. బిడ్డను పడుకోబెట్టాలి, ఆ పక్కనే తనూ పడుకోవాలి. అంతకంటే చిన్న కోరిక లోకంలో ఇంకొకటి ఉండదని ఆమె నమ్మకం.

బిడ్డ పేరు రుతాన్. ఏడో నెల. పైపళ్ళు రెండూ ఒక్కసారే పుట్టుకొస్తున్నాయి. చిగుళ్ళకు లవంగనూనె రాసింది. నమలడానికి రబ్బరు చక్రం ఇచ్చింది. పక్కింటి బెర్నీస్ లడ్యూక్ చెప్పిందని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, చెంచా కొసన విస్కీ కూడా అద్దింది. దానికి బిడ్డ హుషారెక్కి ఇంకాస్త గట్టిగా ఏడ్చింది. వారం నుంచి ఇదే వరస. లోర్నాకి ఇల్లంతా నీళ్ళలోంచి చూస్తున్నట్టుగా ఉంది. నిన్న పాలసీసా తీసుకెళ్ళి మాసిన బట్టల బుట్టలో పెట్టింది. బిడ్డ గుడ్డలు ఫ్రిజ్‌లో దొరికాయి.

ఇంత కష్టపడి ఎప్పుడో ఒకప్పుడు బిడ్డకు కునుకు పడితే, అప్పుడు వచ్చేది ఓడ.

కెనడా సరిహద్దులోని మెరైన్ సిటీలో నది ఒడ్డు వీధి ఇళ్ళన్నిటికీ ఓడలే ఎదురింటివాళ్ళు. బొగ్గు ఓడలు ఎగువకీ, ఇనపరాయి ఓడలు దిగువకీ, వరండాలో కూర్చున్నవాళ్ళ కాళ్ళ ముందునుంచే పోతుంటాయి. ఏ ఓడలో వాడికి ఈ వీధిలో ఇల్లుంటే, ఆ ఓడ కెప్టెను మంచివాడైతే, ఆ ఇంటి ముందు కూత వేయిస్తాడు. మరి ఇల్లు కెప్టెనుదే అయితే అడగాలా? లోర్నా ఇంటికి రెండిళ్ళ అవతల కెప్టెన్ ఆముండ్ బ్రాండ్‌వోల్డ్ ఇల్లు. హ్యాస్కిన్స్ ఓడ ఆయనది. మూడు పొడుగు, రెండు పొట్టి. ఇరవై ఏళ్ళుగా ఎగువకు పోతూ ఒకసారి, దిగువకు వస్తూ ఒకసారి, పెళ్ళానికి ఆయన పలకరింపు అది. ఆవిరి కూత. దానికి గూట్లో కప్పులు కదులుతాయి, కుక్కలు లేచి నిలబడతాయి. కెప్టెన్ గారి భార్య హిల్డా, వీధంతా కెప్టెనమ్మ గారనే పిలిచే ఆవిడ, వరండాలోకి వచ్చి తెల్లటి బల్లగుడ్డ ఊపుతుంది. అందరూ ముచ్చటపడతారు. కానీ ఆ పలకరింపు కెప్టెనమ్మ చెవిన పడేలోపే రుతాన్ ఉయ్యాల మీద పడుతుంది.

దీని గురించి ఎవరికైనా చెప్పుకోవడానికి లేదు. ఆ వీధిలో ఎవరి చర్చిని వాళ్ళ మొహం మీదే తిట్టవచ్చు, ఎవరి వంటకైనా వంక పెట్టవచ్చు. కెప్టెను కూత జోలికి మాత్రం ఎవరూ పోరు. పైగా లోర్నా మొగుడు క్లేటన్ ఆ ఓడలోనే, ఇంజన్లకు నూనె పోసే పనిలో ఉన్నాడు.

నిన్న ఓడ టొలీడోలో బొగ్గు ఎత్తుకుంటుండగా అతను రేవునుంచి ఫోను చేశాడు.

"కెప్టెన్ గారికి చెప్పు క్లేటన్. ఈ ఒక్కసారికి కూత వెయ్యొద్దని చెప్పు," అంది లోర్నా.

"చెప్తా. ఆ తరవాత నేను ఏ ఓడ ఎక్కాలి? కాగితప్పడవా?"

"నేను నిద్రపోయి వారమైంది. రేపు గనక అది మళ్ళీ లేచిందంటే నేనే నదిలో దూకుతాను. మీ ఓడ ముందే దూకుతాను."

క్లేటన్ గొంతు తగ్గించాడు. "కూతకి ఆవిరి పోయే గొట్టానికి బాయిలరు పైన ఒక వాల్వుంది. ఎదురు ఓడ లేకుండా చూసి, మన వీధి దాటేదాకా దాన్ని కట్టేస్తా. దాటగానే మళ్ళీ తిప్పేస్తా. ఎవడికీ తెలీదు."

"కెప్టెన్ గారికి తెలియదూ?"

"ముసలి ఓడ. రోజుకొకటి పాడవుతుంది. ఇదీ అందులో కలిసిపోతుంది. నువ్వు భయపడకు."

భయపడకు అని మొగుడు అన్నప్పుడల్లా లోర్నాకి గుండెల్లో రాయి పడేది. ఈసారి భయపడే ఓపిక కూడా లేకపోయింది.

బుధవారం పొద్దున్న బిడ్డ పడుకుంది. కాసేపటికి గదిలో వెలుతురు తగ్గింది. కిటికీకి అడ్డంగా, గోడ నడుస్తున్నట్టు, హ్యాస్కిన్స్ పోతోంది. లోర్నా ఉయ్యాల అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఇంజను దడదడ నేలలోంచి పాదాలకు తెలిసింది. అంతే. కూత రాలేదు. మళ్ళీ వెలుతురు వచ్చింది. బిడ్డ పెదవి ఒకసారి చప్పరించి ఊరుకుంది.

మంచం కిర్రుమంటుందని లోర్నా నేలమీదే పడుకుంది. మొగుణ్ణి పెళ్ళి చేసుకున్న రోజున కూడా అంత ప్రేమించలేదనుకుంటూ కళ్ళు మూసుకుంది.

వరండా మెట్లమీద ఎవరో పరుగెత్తుకొచ్చిన చప్పుడైంది.

తలుపు తీస్తే కెప్టెనమ్మ. చేతిలో ఊపని బల్లగుడ్డ ఉండచుట్టుకుని ఉంది. ఎప్పుడూ చెదరని ముడిలోంచి జుట్టు ఊడి చెవులమీద పడింది.

"లోర్నా, ఆముండ్ కూత వెయ్యలేదు."

"ష్... పాప పడుకుందండీ. వెయ్యలేదా? నేను గమనించలేదు."

"నువ్వు గమనించకపోవడమేమిటి? ఊళ్ళో చెవిటి కాన్రాడ్ కూడా గమనించి ఉంటాడు. అమ్మాయ్, ఆయన జ్వరంతో ఉండి వేశాడు. పొగమంచులో ఇల్లు కనపడకపోయినా అంచనాకి వేశాడు. ఒక ఏడాది నాతో నెల్లాళ్ళు మాటలు మానేశాడు, అప్పుడూ వేశాడు."

"ఏదో గొట్టం పాడై ఉంటుందండీ."

"గొట్టం పాడైతే మనిషి కిటికీలో ఉండడా? చెయ్యి ఊపడా? చుక్కాని గదిలో ఆయన లేడు లోర్నా. నేను కళ్ళారా చూశాను. చక్రం పట్టినవాడు ఒక్కడే ఉన్నాడు. ఈయన నిలబడే చోట ఎవరూ లేరు."

వాల్వు సంగతి క్లేటన్ చెప్పాడు గానీ, కెప్టెను మాయమవడం గురించి ఏమీ చెప్పలేదు. నిద్రలేని బుర్రకి ఆలోచన ఒక పట్టాన రాదు, వచ్చిందంటే అన్నిటికంటే చెడ్డదే వస్తుంది. తాడు లాగితే కూత రాకపోయేసరికి ఆ పెద్దాయనకి గుండె ఆగిపోయిందేమో. అలాగైతే చంపింది ఎవరు? క్లేటన్. చంపమన్నది ఎవరు?

లోర్నా కుర్చీలో కూలబడింది. అది చూసి కెప్టెనమ్మకి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

"నీకూ అదే అనిపించింది కదూ?" అంది.

ఇంతలో వంటింటి తలుపు తోసుకుని బెర్నీస్ వచ్చింది. బెర్నీస్‌కి ఏ ఇంటికీ ముందు తలుపు ఉన్నట్టు తెలియదు. "కూత వినపడలేదేమిటే? నేను గుడ్లు ఉడకేసి ఆ కూతకే దించుతాను. రాళ్ళయి కూచున్నాయి." అప్పుడు కెప్టెనమ్మ మొహం చూసింది. "ఓరి నాయనో" అని తనూ ఒక కుర్చీ లాక్కుంది.

బెర్నీసే ఆర్విల్ టెస్కీకి ఫోను చేసింది. ఆర్విల్‌ది ఓడలకు తాళ్ళూ రంగులూ అమ్మే కొట్టు. కొట్లో రేడియో ఉంది, దానిలో ఓడలతో మాట్లాడవచ్చు.

"హ్యాస్కిన్స్‌ని పిలిచి కెప్టెన్ గారు బతికున్నాడా అని అడగరా," అంది బెర్నీస్.

"నీకేమైనా మతిపోయిందా? అందరూ వినే రేడియో అది. ఎరీ సరస్సు నుంచి సుపీరియర్ సరస్సు దాకా ప్రతి ఓడా చెవి ఒగ్గి ఉంటుంది. నిజంగా పోతే సరే. పోకపోతే ఆయనొచ్చి నన్ను పంపించేస్తాడు."

"ఊరికే కుశలం అడుగు మరి."

ఆర్విల్ కుశలం అడిగాడు. హ్యాస్కిన్స్ పలకలేదు. మళ్ళీ అడిగాడు. పలకలేదు. వెనకాల వస్తున్న ఇంకో ఓడను పిలిచి, ముందు హ్యాస్కిన్స్ ఏం చేస్తోందో చూసి చెప్పమని నెమ్మదిగా అడిగాడు. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. హ్యాస్కిన్స్ నది దాటి, పెద్ద సరస్సు మొదట్లోనే లంగరు వేసి ఆగిపోయింది.

"లంగరు వేశారట," అని బెర్నీస్ ఫోను పెట్టి చెప్పింది. "గాలి లేదు, మంచు లేదు. నడిపించే మనిషి ఉంటే ఎవరైనా అలా నడిదారిలో ఆపుతారా?"

కెప్టెనమ్మ బల్లగుడ్డతో మొహం కప్పుకుంది.

ఆ తరవాత వీధి తన పని తాను చేసుకుపోయింది. ఆ వీధిలో ఓడ మీద మనిషి పోవడం కొత్త కాదు. ఎవరేం చెయ్యాలో అందరికీ తెలుసు. ఒకావిడ పాలూ వెన్నా పోసి వండిన బంగాళాదుంపలు తెచ్చింది. ఒకావిడ పంది తొడ మాంసం తెచ్చింది. ఇద్దరు ఒకే రకం ఆకుపచ్చ జెల్లీ తెచ్చి ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు. అవన్నీ లోర్నా ఇంటికే చేరాయి. "ఆ ఇంట్లోకి ఒక్కదాన్నీ అడుగు పెట్టలేనమ్మా" అని కెప్టెనమ్మ ఇక్కడే కూర్చుండిపోయింది మరి. పాప పడుకుందని లోర్నా వేలు చూపించినప్పుడల్లా అందరూ బుద్ధిగా గొంతు తగ్గించారు. ఇల్లు నిండా ఆడవాళ్ళు గుసగుసలాడితే తేనెతుట్టె కదిపినట్టుంటుంది. అయినా బిడ్డ లేవలేదు. లోర్నా పళ్ళేలు అందుకుంటూ, కాఫీ కాస్తూ, నిలబడే కునుకు తీస్తోంది.

"నీ మొగుడికి కెప్టెన్ గారంటే ప్రాణం కదూ? నీ మొహం కూడా పీక్కుపోయింది పాపం," అని ఒకావిడ ఆమె వీపు నిమిరింది.

అప్పుడు దిగువకు పోయే ఓడ ఒకటి వీధి మొదట్లోకి వచ్చింది. ఆర్విల్ రేడియోలో అన్నది ఒక్కటే మాట, బ్రాండ్‌వోల్డ్ గారి గురించి మంచి కబురు లేదని. దాన్ని ఒక ఓడ విని ఇంకో ఓడకి చెప్పింది. మూడో ఓడకి చేరేసరికి కెప్టెన్ గారు చుక్కాని మీదే తల వాల్చేశాడు. అది విని, ఆయనకు పాత స్నేహితుడైన కెప్టెన్ హార్లన్ ముల్వే, ఆ ఇంటి ముందుకు రాగానే గంభీరంగా తాడు లాగాడు.

మూడు పొడుగు. రెండు పొట్టి.

ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. కెప్టెనమ్మ బావురుమంది. లోపలి గదిలో రుతాన్ ఆమెను మించిపోయింది.

అది మొదటిది. నదిలో ఆ రోజు ఎన్ని ఓడలున్నాయో లోర్నాకి అప్పటిదాకా పట్టలేదు. ఒకటి ఆబోతులా రంకె వేసింది. ఒకటి ముసలమ్మ దగ్గినట్టు కూసింది. బొగ్గు ఓడ, సున్నపురాయి ఓడ, అవతలి ఒడ్డు నుంచి కెనడా వాళ్ళ గోధుమల ఓడ, ఎవరి గౌరవం వాళ్ళు తీర్చుకున్నారు. ఒక్క కూత తప్పించుకుందామనుకుంటే ఉన్న కూతలన్నీ నెత్తిమీద పడ్డాయి. బిడ్డను భుజాన వేసుకుని లోర్నా వంటింటి నుంచి వరండాకి, వరండా నుంచి వంటింటికి తిరుగుతోంది. కూత వచ్చినప్పుడల్లా బిడ్డ ఒళ్ళంతా బిగుసుకుంటోంది. తనకీ ఏడవాలనుంది. ఈ ఇంట్లో ఇప్పుడు ఏడిస్తే ఇంకెవరైనా ఇంకో జెల్లీ తెస్తారని భయపడి ఊరుకుంది.

కెప్టెనమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "నీ ఫోను వాడుకుంటాను తల్లీ. మా అమ్మాయి మారిట్‌కి చెప్పాలి. కడుపుతో ఉంది, ఏడో నెల దానికి. ఒంటరిగా ఉంటుంది క్లీవ్‌లండ్‌లో. ఎలా చెప్పాలో ఏమో."

ఏడో నెల అన్న మాటకి లోర్నా నడక ఆపేసింది. నిజం చెబితే క్లేటన్ పని పోతుంది. సీజను మధ్యలో తీసేసినవాణ్ణి ఇంకో ఓడ ఎక్కించుకోదు. ఓడలు తిరగని చలికాలమంతా ఏం తింటారు? చెప్పకపోతే నిండు నెలలకు దగ్గరపడుతున్న పిల్ల, తండ్రి పోయాడని ఫోనులో వింటుంది. లోర్నా చూస్తుండగానే కెప్టెనమ్మ వేలు ఫోను చక్రంలో పెట్టింది.

లోర్నా ఆమె చెయ్యి పట్టుకుని బట్టలుతికే గదిలోకి లాక్కుపోయి తలుపు వేసింది. అక్కడ బిడ్డ గుడ్డలు నానేసిన బకెట్టు తప్ప కూర్చునే చోటు లేదు.

"ఆయన పోలేదండీ. పోయుంటే నా మూలంగానే పోయుండాలి. కూత నేనే ఆపించాను."

ఒక్క గుక్కలో చెప్పేసింది. వాల్వు, టొలీడో, నిద్ర, నదిలో దూకడం, అన్నీ. "క్లేటన్‌ని ఏమీ అనకండి. చేయించింది నేను. మీ కాళ్ళు పట్టుకుంటాను," అంది. బిడ్డ ఇద్దరి మధ్యా కెవ్వుకెవ్వుమంటోంది.

కెప్టెనమ్మ మొహంలో ఏడుపు పోయింది. కోపం వచ్చింది. అదీ కొంచెంసేపు ఉండి పోయింది. చివరికి అలసట ఒక్కటే మిగిలింది.

"బాయిలరు పైనా?" అంది.

"ఏమిటండీ?"

"వాల్వు. బాయిలరు పైన ఉంటుందా అని."

"అక్కడేనట."

"ముగ్గురు పిల్లల్ని పెంచాను నేను ఆ ఇంట్లో," అంది కెప్టెనమ్మ. "ముగ్గురూ ఆ కూతకి లేచి కూర్చున్నవాళ్ళే. ఇరవై ఏళ్ళు. నాకెవరూ చెప్పలేదు ఒక వాల్వుందని."

బిడ్డను లోర్నా చేతుల్లోంచి తీసుకుని, చూపుడువేలు మెటికతో దాని పైచిగురు గట్టిగా రుద్దింది. రుతాన్ ఆశ్చర్యపోయి నోరు మూసింది.

అప్పుడే ఫోను మోగింది. బెర్నీస్ ఎత్తి, విని, రిసీవరు నిప్పులా చేత్తో దూరంగా పట్టుకుంది. "కెప్టెన్ గారు. ఎక్కడినుంచి చేస్తున్నాడో నేనడగను బాబూ."

ఆయన చేస్తున్నది పోర్ట్ హ్యూరన్ రేవు నుంచి. అక్కడికి ఒక పడవలో వచ్చాడు. ఆయన గొంతు వినడానికి ఫోను అక్కర్లేదు.

"హిల్డా! మనింట్లో లేవు, వీధిలో ఏ ఇంటికి చేసినా ఎవరూ ఎత్తరు, అక్కడేం చేస్తున్నావ్? ఆర్విల్ గాడికి ఫోను చేస్తే నా గొంతు విని పారేసి పారిపోయాడు. ఎవరు చచ్చారు?"

"నువ్వే," అంది కెప్టెనమ్మ.

"నేనా? ఎప్పుడు?"

"పొద్దున. కూత ఎందుకు వెయ్యలేదు? కిటికీలో ఎందుకు లేవు? రేడియోలో ఎందుకు పలకలేదు?"

"తాడు లాగితే రాలేదే. ఏమైందో చూద్దామని డెక్కు కింద సొరంగం లాంటి దారిలో, బాయిలరుండే ఓడ వెనక దాకా పరిగెత్తాను, ఈ వయసులో. రేడియో నేనే ఆపేశాను. కూత లేని కెప్టెనని అందరూ ఆడిపోసుకుంటారని." అప్పుడు ఆయనకి ఓడల ఆనవాయితీ గుర్తొచ్చింది. "నేను పోయానని ఓడలు కూతలు వేశాయా?"

"అన్నీ వేశాయి."

"హార్లన్ వేశాడా?"

"వేశాడు."

"మూడు పొడుగూ పూర్తిగా వేశాడా, మధ్యలో కత్తిరించాడా?"

"పూర్తిగానే వేశాడు ఆముండ్."

అవతల గొంతు మెత్తబడింది. "మంచివాడే. అన్నట్టు ఆ పెల్కీ కుర్రాడి సంగతి చెప్పాలి నీకు. వాల్వు చక్రం విరిగిపోయింది, కొత్తది కొనడానికే లంగరు వేసి ఒడ్డుకొచ్చాను. నేను వెళ్ళేసరికి అందరికంటే ముందు వాడే ఉన్నాడక్కడ. విరిగిన చక్రం చేతిలో పట్టుకుని, వేళ్ళు కాల్చుకుని, తెల్లకాగితంలా పాలిపోయి నిలబడ్డాడు. నోట మాట లేదు. నేను తాడు లాగకముందే ఏదో తేడా ఉందని కనిపెట్టాడంటే చూడు!"

కెప్టెనమ్మ లోర్నా వైపు చూసింది. లోర్నా ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుంది.

"అవును," అంది కెప్టెనమ్మ, "అతనికి ముందే తెలిసినట్టుంది."

"అలాంటివాడు నూనె పోస్తూ ఉండకూడదు. ఒక మెట్టు పైకి వేయిస్తాను. ఇంకోటి. ఇకనుంచి వాళ్ళింటికి కూడా ప్రత్యేకంగా కూత వేస్తాను. మనకొకటి, వాళ్ళకొకటి. పోతూ, వస్తూ."

"వద్దు ఆముండ్."

"ఎందుకొద్దు? చంటిపిల్ల ఉందిగా! మన పిల్లలు నా కూత వింటే ఎలా లేచి కూర్చునేవాళ్ళో మర్చిపోయావా?"

గదిలో ఆడవాళ్ళందరూ ముచ్చటపడి నవ్వారు. కెప్టెనమ్మ ఇంటి కప్పు వైపు చూసింది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ పొద్దున్న పోయి మధ్యాహ్నం తిరిగొచ్చిన మొగుడితో ఆ మాట ఎలా అంటుంది?

"మర్చిపోలేదు," అంది.

వచ్చినవాళ్ళు ఎవరి గిన్నెలు వాళ్ళు తీసుకుని, కాస్త నిరాశగానే, ఇళ్ళకు పోయారు. ఆకుపచ్చ జెల్లీలు రెండూ వదిలేశారు. కెప్టెనమ్మ బిడ్డను ఎత్తుకుని తన ఇంటికి తీసుకుపోయింది. "వెళ్ళు, పడుకో. నిన్ను తిట్టాలి, ఇప్పుడు ఓపిక లేదు. రేపు తిడతాను," అంది. లోర్నా చీకటి పడేదాకా బట్టల బుట్టకు ఆనుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది. ఆ తరవాత వెళ్ళిన ఓడలేవో ఆమెకు తెలియదు.

మరుసటి వారం హ్యాస్కిన్స్ దిగువకు వస్తూ మాట నిలబెట్టుకుంది. కొత్త వాల్వు వేసిన కూత మునుపటికంటే ఖంగుమంది. ఒక ఇంటి ముందు మూడు పొడుగు, రెండు పొట్టి. రెండిళ్ళు దాటాక మళ్ళీ మూడు పొడుగు, రెండు పొట్టి. ఒక వరండాలో కెప్టెనమ్మ, ఇంకో వరండాలో చంకన ఏడుస్తున్న బిడ్డతో లోర్నా, ఇద్దరూ ఆగకుండా చేతులు ఊపారు, ఆగకుండా ఏదో అన్నారు.

ఓడమీద నుంచి చూస్తే చేతులు కనిపిస్తాయి గానీ, మాటలు వినపడవు.